లోకమంతా గొణుగుతోంది

గత ఆరేళ్ళుగా లోకం గొణుగుతోంది. దీన్ని మొదట కనిపెట్టింది నేనే.

జబ్బు మా ఇంట్లోనే మొదలైంది. ముందు మా ఆవిడ, తర్వాత పిల్లలు, ఆపైన టీవీలో వార్తలు చదివేవాళ్ళు. 2020లో మాస్కులు వచ్చాక మరీ ముదిరింది. పెదాలు కనపడని ప్రతి మనిషీ గొణగడమే. మగవాళ్ళు కాస్త నయం. ఆడవాళ్ళూ చిన్నపిల్లలూ అయితే సన్న గొంతుతో ఏదో అనేసి వెళ్ళిపోతారు. నేను "ఆఁ?" అంటాను. మళ్ళీ గొణుగుతారు. మర్యాదస్తుణ్ణి కాబట్టి మూడోసారి అడగను, నవ్వి తలూపేస్తాను. అలా తలూపి ఎన్ని పనులకు ఒప్పుకున్నానో, ఆ పనులు చెయ్యనప్పుడే తెలిసేది.

ఒకరోజు మా ఆవిడ "ఎవరో వచ్చారు, తలుపు తీయండి" అంది. అందని ఇప్పుడు ఆవిడ వాదన. నాకు వినపడింది "కలుపు తీయండి". భార్య మాట పెడచెవిన పెట్టడం నాకు అలవాటు లేదు. వెంటనే లేచి వెనక్కి వెళ్ళి, పూలకుండీల్లో ఒక్క గడ్డిపరక మిగలకుండా పీకేశాను. వచ్చినాయన అరగంట గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాడట. తప్పెవరిది? అక్షరాలు సరిగ్గా పలకని వాళ్ళది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో దీనిమీద ఓ పెద్ద నివేదిక ఇచ్చింది. వినికిడి సమస్యకు చికిత్సో సాయమో కావాల్సినవాళ్ళు ప్రపంచంలో 43 కోట్ల మంది ఉన్నారట. 2050 నాటికి 70 కోట్లు దాటుతారట. అంటే గొణుగుడు బాధితులం ఇంతమందిమి ఉన్నామన్నమాట. సంస్థ వాళ్ళు మొహమాటపడి కారణం మన చెవుల మీదికి తోశారు గానీ, లెక్క మాత్రం సరిగ్గానే వేశారు.

ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్ళడానికి నేను ఒప్పుకున్నది కూడా, గొణుగుడును కొలిచే పరికరం ఏదైనా ఉందేమో కనుక్కుందామనే. (నిజానికి ఆ ఒప్పుకోవడం కూడా తలూపుడు ఖాతాలోదే.) ఈఎన్టీ డాక్టరు మందులూ ఆపరేషన్లూ చూస్తే, వీళ్ళది వేరే పని. వినికిడి ఎంత ఉందో కొలుస్తారు, తేడా ఎక్కడుందో తేలుస్తారు, మిగిలిన వినికిడిని పనికొచ్చేలా చేస్తారు. ఆ అమ్మాయికి నా వయసులో సగం ఉంటుంది. ముందు చెవిలో లైటు వేసి చూసింది. గులిమి తీద్దామని నేను ఏళ్ళ తరబడి పుల్లలకు దూది చుట్టి చేసిన కృషి అంతా దాన్ని ఇంకా లోపలికి నెట్టడానికే పనికొచ్చిందట. అది తీయించుకుని వస్తే వినికిడి బాగుపడుతుందేమో చూద్దాం అంది. తీయించాను. లోకం గొణుగుతూనే ఉంది.

ఉన్నట్టుండి ఒక్కరోజులో ఏదైనా చెవి వినపడకుండా పోయిందా అని కూడా అడిగింది. అలాగైతే పరీక్షలూ మిషన్లూ అంటూ కూర్చోకుండా వెంటనే ఈఎన్టీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలట, ఆలస్యమైతే మందు పనిచెయ్యకపోవచ్చట. నాకు అలా కాదు, ఆరేళ్ళుగా నింపాదిగా వచ్చింది అన్నాను. ఏం వచ్చిందని అడిగింది. గొణుగుడు అన్నాను. రాసుకుంది.

తర్వాత నన్నో గదిలో కూర్చోబెట్టారు. బయటి చప్పుడు లోపలికి రాదు. 'బీప్' వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. రెండు నిమిషాల్లో దాని లయ పట్టేసి, వినపడినా వినపడకపోయినా తాళం వేసినట్టు నొక్కుతూ పోయాను. ఆ అమ్మాయి శబ్దం ఆపేసి ఊరుకుంది. నేను నొక్కుతూనే ఉన్నాను. గాజు కిటికీ అవతల నవ్వు కనపడింది. ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద ఓ బిళ్ళ పెట్టి, దొడ్డిదారిన శబ్దం పంపింది. ఆ దారిలోనూ అంతే తక్కువ వినపడితే అడ్డం మధ్యలో లేనట్టే, లోటు లోపలి చెవిలోనే ఉన్నట్టు.

అసలు మనిషి సాక్ష్యంతో పనిలేని పరీక్షలు కూడా వీళ్ళ దగ్గరున్నాయి. ఆరోగ్యంగా ఉన్న చెవి వినడంతో ఊరుకోదు, తనూ సన్నగా శబ్దం చేస్తుంది. 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. ఆ శబ్దాన్ని పట్టుకుని, నిద్రపోతున్న పసిగుడ్డు చెవి సంగతి కూడా చెప్పేస్తారు. నెల నిండేలోపు పరీక్ష చేసి, మూడో నెలకు సమస్య తేల్చి, ఆరో నెలకల్లా చెవి మిషనో, అవసరమైన మరో సాయమో మొదలుపెట్టాలని వీళ్ళ నియమం. పిల్లలకు భాష పట్టుబడేది వినడంలోనేనట, పోయిన నెలలు తిరిగి రావట. పసిపిల్లల విషయంలో నాకు ఆక్షేపణ లేదు. వాళ్ళింకా ఎవరి మీదా గొణుగుడు నేరం మోపలేదు.

ఇక నా రిపోర్టు. గ్రాఫులో కుడి చెవికి ఎర్రటి సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ మార్కులు. చూడగానే బడిరోజులు గుర్తొచ్చి గుండె జారింది. అవి మార్కులు కావు, కుడి ఎడమల గుర్తులే అంది. ఎడమ నుంచి కుడికి 250 హెర్ట్జ్‌తో మొదలై 8000 దాకా శబ్దం సన్నబడుతుంది. పైనుంచి కిందికి డెసిబెల్స్, అంటే శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలతలు, పెరుగుతాయి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువన్నమాట. నా గీత సగం దూరం బుద్ధిగా నడిచి, 2000 దాటగానే జారుడుబల్ల ఎక్కింది.

"సార్, మీకు అచ్చులు అందుతున్నాయి, హల్లులు జారిపోతున్నాయి" అంది. అచ్చుల్లో బలమంతా మంద్ర స్థాయిలో ఉంటుందట. స, త, క, ప లాంటివి బలహీనంగానూ ఉంటాయి, సన్నటి స్థాయిల మీదే ఎక్కువగా ఆధారపడతాయి. అంటే గుణింతం వినపడుతోంది, అక్షరం వినపడటం లేదు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. తలుపు, కలుపు ఒకటే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు పుట్టుకతో దాదాపు 15 వేలు ఉంటాయనీ, వయసుతోనో మోతలతోనో పోయినవి మళ్ళీ మొలవవనీ చెప్పింది. నెత్తి విషయంలో ఇలాంటి కబురు ముందే విని ఉన్నాను కాబట్టి తట్టుకున్నాను.

అప్పుడు మా ఆవిడ తన ఫిర్యాదు విప్పింది. "గట్టిగా చెప్పమంటారు. గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావంటారు." ఇరవై మందికి వినపడేలా చెప్పింది, నాకు కూడా వినపడింది. దానికి ఆ అమ్మాయి, తప్పు ఇద్దరిదీ కాదు అంది. రోమకణాలు పోతే చిన్న శబ్దాలు అందవు గానీ పెద్దవి మాత్రం పెద్దగానే తగులుతాయట. వినపడటానికీ భరించలేకపోవడానికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. అందుకే మంచి చెవి మిషన్ అంటే లౌడ్ స్పీకర్ కాదు. చిన్న శబ్దాన్ని బాగా పెంచి, పెద్దదాన్ని అంతంతమాత్రంగా ముట్టుకునేలా, నా గ్రాఫును బట్టి దాన్ని సరిచెయ్యాలి. సన్నటి గొట్టం చెవిలో దూర్చి, నిజంగా ఎంత చేరుతోందో కొలిచి మరీ సరిచేసింది. దర్జీ కూడా నా కొలతలు ఇంత శ్రద్ధగా తీసుకోలేదు.

ఇంటివాళ్ళకూ హోంవర్క్ ఇచ్చింది. ముందు పేరు పెట్టి పిలవాలి. ఎదురుగా వచ్చి మాట్లాడాలి. అరవకూడదు. అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా మరో మాటతో చెప్పాలి. టీవీ కట్టేయాలి. ఇది నాకు మహదానందం కలిగించింది. నేరం లేనిదే శిక్ష వేస్తారా?

మొదటి వారం నరకం. న్యూస్ పేపర్ తిప్పితే ఎండుటాకుల్లో ఏనుగు నడిచినట్టుంది. నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టుంది. నా చెప్పులు ఆరేళ్ళుగా కిర్రుమంటున్నాయని ఒక్కరూ చెప్పలేదు. చెప్పారట. మెదడు మళ్ళీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, తీసి సొరుగులో పడేయకండి, ఇబ్బందులు రాసుకుని మళ్ళీ రండి అంది. రాసుకుని వెళ్ళాను. నాలుగు పేజీలు. ఓపిగ్గా చదివి, కొన్ని సరిచేసి, చెప్పులు మాత్రం మార్చుకోమంది.

ఇదంతా పక్కన పెడితే, ఇటీవల ఒక గొప్ప మార్పు గమనించాను. జనం గొణగడం మానేశారు. మా ఆవిడ స్పష్టంగా మాట్లాడుతోంది. వార్తలు చదివేవాళ్ళు ఒత్తులతో సహా పలుకుతున్నారు. మనవరాలు పక్కగదిలోంచి ఏమన్నా అర్థమవుతోంది. ఈ సంస్కరణ సరిగ్గా నేను మిషన్లు పెట్టుకున్న నెలలోనే జరగడం కాకతాళీయం. ఘనత మాత్రం నా ఆరేళ్ళ ఉద్యమానిదే.

అయితే మార్పు పూర్తిగా నిలవలేదు. రాత్రి పడుకునే ముందు మిషన్లు తీసి పెట్టెలో పెడతానా, సరిగ్గా ఆ వేళ చూసుకుని అందరూ మళ్ళీ గొణగడం మొదలుపెడుతున్నారు.