ఒక మూలే కదా!

నెల్లూరులో ఓ కాలనీ పార్కు మూలన కొట్లు కట్టడానికి సున్నంతో గీతలు గీశారు. వారం రోజులుగా ఊరంతా నలుగుతున్న విషయం ఇదే. పార్కు నిర్వహణకు పైసా లేదని, అద్దెలొస్తే ఆ డబ్బుతోనే దాన్ని బాగుచేస్తామని, పోయేది ఒక మూలే కదా అని పెద్దలంటున్నారు. డబ్బు కావాలి, నిజమే. అందుకని పార్కునే కోసి అమ్ముకుంటారా?

‘ఒక మూలే కదా’ అన్న మాటే మాకు టెన్షన్. ఇవాళ కొట్లకు ఒక మూల ఇస్తే, రేపు వాటర్ ట్యాంకుకు ఇంకో మూల, ఎల్లుండి ఎవరిదో విగ్రహానికి నడిమధ్య జాగా అడుగుతారు, అప్పుడు కాదనే నోరు ఎవరికుంటుంది? పార్కుకు ఉండేవి నాలుగే మూలలు.

లేఅవుట్‌లో పదో వంతు పార్కుల్లాంటి వాటికి ఖాళీగా వదలాలని రాష్ట్ర నిబంధనే ఉంది. పార్కును చూపించే కదా ప్లాట్లు అమ్మింది! బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదంది. వైద్యం కోసమంటేనే చెల్లనిది, సెల్‌ఫోన్ కొట్టుకు చెల్లుతుందా?

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కడ నడవాలి, మినీ బైపాస్‌లో బండ్ల మధ్యనా? షుగరున్న పెద్దాయన తెల్లారుజామున నడిచేది ఆ పార్కులోనే. అది పోతే అపార్ట్‌మెంట్ పిల్లలకు సెల్లార్లో కార్ల మధ్య క్రికెట్టే గతి. ఇక రోజంతా రెండు గదుల ఇంట్లో పనితో గడిపే ఆడవాళ్లను, రూపాయి అడక్కుండా ఓ గంట కూర్చోనిచ్చే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది, గుడి అరుగు తప్ప? రోహిణి కార్తెలో చెట్టు నీడనివ్వడమే కాదు, ఆకుల్లోంచి ఆవిరయ్యే నీటితో చుట్టూ గాలినీ చల్లబరుస్తుంది. మట్టి నేల వాన నీళ్లు తాగుతుంది, సిమెంటు తాగదు. నవంబరు వానలకు వీధులు మునిగే ఊళ్లో ఇది ఒకరు చెప్పాలా?

పర్యావరణ దినోత్సవమంటూ జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగేది వీళ్లే, మిగతా ఏడాదంతా ఖాళీ జాగా కోసం టేపు పట్టుకుని తిరిగేదీ వీళ్లే. నిర్వహణకు పైసా లేదనే పెద్దల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఆ పార్కు గ్రిల్‌కే వేలాడుతున్నాయి. ముందు అవి విప్పండి, తర్వాత వెళ్లి ఆ సున్నం గీతలు చెరపండి.