నక్షత్రం గుర్తుకే మన జీపు

పాత జీపు కొన్నవాడికి ముందుగా పోయేది డబ్బు అని లోకం అనుకుంటుంది. ముందు పోయేది చరిత్రజ్ఞానం. డబ్బు ఆ తరువాత విడతలవారీగా పోతుంది.

నర్సీపట్నం దగ్గర ఒక రైసుమిల్లు వెనక, వేపచెట్టు కింద, 1972 నాటి మహీంద్రా జీపు పదకొండేళ్లుగా నిలబడి ఉంది. నిలబడి ఉందనడం మర్యాద కోసమే. రెండు చక్రాలు అప్పటికే భూమిలోకి దిగిపోయాయి. వెనక సీటులో ఒక కోడి పొదుగుతోంది. మిల్లు యజమాని ధర్మాత్ముడు. "బండి మీదే బాబూ, పిల్లలు లేచే దాకా మాత్రం ఆగండి" అన్నాడు. పన్నెండు రోజులు ఆగాను. నా పునరుద్ధరణ పథకం మొత్తంలో చెప్పిన గడువుకు పూర్తయిన ఘట్టం అదొక్కటే, అదీ కోడి చేతిలో ఉండబట్టి.

జీపు జీవితచరిత్ర కూడా ఆయనే వినిపించాడు. బొంబాయిలో పుట్టింది. కొన్నాళ్లు ఒక రోడ్ల కాంట్రాక్టరు దగ్గర పనిచేసింది. మూడు ఎన్నికల్లో నెత్తిన మైకులు కట్టుకుని, మూడుసార్లు మూడు వేర్వేరు గుర్తులకు ఓటు వేయమని ఊరూరా అరిచింది. ఆ పైన లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాటు రోడ్డులో సర్వీసు జీపుగా స్థిరపడింది. లోపల పద్నాలుగు మంది, వెనక వేలాడుతూ నలుగురు, బానెట్ మీద ఇద్దరు, టాపు మీద పనసకాయలు. ఒక కాన్పు కూడా ఆ బండిలోనే జరిగిందట.

ఇంతటి చరిత్ర గల వాహనాన్ని చూడగానే నాకు ఒకే ఒక ఆలోచన తట్టింది. దీన్ని రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక వాహనంగా మార్చాలి.

నవ్వకండి. పాత జీపు కొన్న ప్రతివాడూ ఇదే చేస్తాడు. మన దేశంలో ఈ జీపుల బిగింపు మొదలైందే యుద్ధం ముగిశాక. పైగా నాది సీజే-3బి రకం. యుద్ధంలో తిరిగిన అమెరికా విల్లీస్ జీపు బానెట్ బల్లపరుపుగా, కిందికి ఉండేది. తరువాత వచ్చిన హరికేన్ ఇంజను పొడుగ్గా ఉండి పాత బానెట్ కింద పట్టలేదు. అందుకని 1953లో బానెట్‌నే పైకి లేపారు. అంటే నా జీపు యుద్ధానికి వెళ్లలేదని దాని ముక్కు చూసి చెప్పవచ్చు. అయినా బానెట్ మీద తెల్ల నక్షత్రం వేయించాలని నిశ్చయించుకున్నాను. యుద్ధకాలంలో ఆ నక్షత్రం తమ విమానాలు తమ బండ్ల మీదే బాంబులు వేయకుండా గుర్తు కోసం వేసుకున్నది. నర్సీపట్నం ఆకాశంలో ఆ ప్రమాదం బొత్తిగా లేదని చెప్పలేం కదా.

ఇక పనిముట్లు. ఔత్సాహికుడు అన్నవాడు మొట్టమొదట మెరిసే పానాల పెట్టె కొంటాడు. నేనూ కొన్నాను, అన్నీ మిల్లీమీటర్ల కొలతవి. జీపు మాత్రం అంగుళాల సంతానం. దాని బోల్టు తల అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. నా పెట్టెలో దానికి దగ్గరి చుట్టం 13. తేడా వెంట్రుకంత. ఆ వెంట్రుకే బోల్టు ఆరు మూలలనూ గుండ్రంగా అరగదీస్తుంది. మొదటి వారంలో పదిహేడు బోల్టులను నున్నటి గోళీలుగా మార్చి, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల కొలమానాల తగాదాను నా పిడికిళ్ల మీద రక్తంతో పరిష్కరించాను. చివరికి మేస్త్రిని పిలిచాను. ఆయన బోల్టులను చూశాడు, నన్ను చూశాడు, టీ తెప్పించమన్నాడు. రెండో గ్లాసు అయ్యాక, "సార్, ఇకనుంచి మీరు లైటు పట్టుకోండి" అన్నాడు. పద్నాలుగు నెలలు లైటు పట్టుకున్నాను. ఆ విద్యలో ఇప్పుడు నన్ను మించినవాడు జిల్లాలో లేడు.

ఇంజను సంగతి క్లుప్తంగా చెబుతాను, తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. పెట్రోలు ధరకు భయపడి ఎవరో పాత ఇంజను పీకేసి డీజిల్ ఇంజను బిగించారు. అది బాగానే నడిచేది, అదే దాని దోషం. ఒరిజినల్ కాదు కదా! దాన్ని తీయించి, విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు రోజులు తిరిగి, ఒక హరికేన్ ఇంజను సంపాదించాను. అది నడవదు. కానీ ఒరిజినల్. సిలిండర్లకు బోరు కొట్టించి, వాల్వులు మార్పించి దానికి ప్రాణం పోసే సరికి మా ఆవిడ నాతో సమయానికి తగు మాత్రమే మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒరిజినల్ కాని వాటిలో టాపు చట్రానికి వెల్డింగు చేసిన ఇనుప కడ్డీలు కూడా ఉన్నాయి. ఎన్నికల నాటి మైకులు కట్టినవి. వాటిని గ్యాస్ కట్టరుతో కోయించాను. మేస్త్రి వాటిని గోనెసంచిలో వేసి షెడ్డు మూల పెట్టాడు. పారేయమంటే "ఉండనివ్వండి సార్" అన్నాడు. ముసలివాడి చాదస్తం అనుకున్నాను.

రంగు దగ్గర చట్టం అడ్డొచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఉంది. రక్షణశాఖ బండ్లు తప్ప మరే బండీ ఆలివ్ ఆకుపచ్చ రంగు వేసుకోరాదు. నాకు ఈ సంగతి రెండు కోటింగులు అయ్యాక తెలిసింది. మేస్త్రి చలించలేదు. డబ్బాలో కాస్త ఎరుపు, కాస్త గోధుమ కలిపి మూడో కోటింగు కొట్టాడు. వచ్చిన రంగు సరిగ్గా మూడు రోజులు ఊరిన గోంగూర పచ్చడి. నిబంధన ఆలివ్‌ను నిషేధించింది గానీ గోంగూర జోలికి రాలేదు.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండికి ఇరవై వేల రూపాయలు కడితే నంబరు పలకలో "వీఏ" అక్షరాలు వస్తాయి. అలాంటి బండి రోజూ రోడ్డెక్కకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి రావాలి. చదివి నిట్టూర్చాను. ఎవరో నా జీపును దగ్గరుండి చూసి రాసినట్టుంది. బంకుకు, షెడ్డుకు తప్ప అది వేరే ఎక్కడికీ ఎలాగూ వెళ్లదు.

మొన్న అలాగే, చట్టానికి లోబడి, షెడ్డుకు వెళుతున్నాను. నర్సీపట్నం దాటాక చింతపల్లి రోడ్డులో ఒక ముసలావిడ, ఆమె కోడలు చెయ్యెత్తారు. ఆపడానికి నేను బ్రేకు తొక్కలేదు, ఇంజను దానంతట అదే ఆగింది. కోడలు బానెట్ మీది నక్షత్రాన్ని పరిశీలనగా చూసి, "ఏ పార్టీ గుర్తండీ ఇది?" అంది. ముసలావిడ వెనక్కి వెళ్లి, డబ్బులు అయిపోయి నేను ముట్టుకోలేకపోయిన వంకర మెట్టును కాలితో తడిమింది.

"మిల్లువాళ్ల బండి కాదూ!" అంటూ ఎక్కేసింది. కూర్చుని పైకి చూసింది. "ఇక్కడ కడ్డీలుండాలి బాబూ, ఏవీ? బుట్టలు వాటికే తగిలించుకునేవాళ్లం."

అమెరికా సైన్యం గురించి ఆవిడకు చెప్పబోయి, చేతిలో ఉన్న రెండు బుట్టలను చూసి మానుకున్నాను. మేస్త్రికి ఫోను చేశాను. గోనెసంచి ఎక్కడ పెట్టానో గుర్తుందన్నాడు. వెల్డింగుకు ఎంత అవుతుందో మాత్రం చెప్పలేదు.