నిజం చెప్పే సంగీతకారులపై తక్షణ చర్య అవసరం

సంగీత రంగంలో క్రమశిక్షణ రోజురోజుకీ దిగజారిపోతోంది. గిటార్ శ్రుతి తప్పితే సరిచేసుకోవచ్చు. డ్రమ్మర్ తాళం తప్పితే డ్రమ్మర్‌నే మార్చుకోవచ్చు. కానీ "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని ఇంటర్వ్యూలో అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పేసేవాళ్ళని ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్నకి పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి ఏర్పరిచారు. ముందుగా అమెరికన్ రాక్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పేరు చెప్పాలి. 1967లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. కొన్న కొద్దిమందిలో ప్రతివాడూ ఓ బ్యాండ్ పెట్టాడని సంగీతకారుడు బ్రయాన్ ఈనో అన్న మాట మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. ఈ మధ్య ఇంటర్వ్యూలు చదివితే, అసలు కొననివాడంటూ ఎవడైనా ఉన్నాడా అని అనుమానం వస్తుంది. తర్వాత పాత బ్లూస్ గాయకుడు ఒకరు ఉండాలి. రాబర్ట్ జాన్సన్ అయితే శ్రేష్ఠం. 1936, 37లలో ఆయన రికార్డు చేసినవి 29 పాటలే కాబట్టి, ఒక్క మధ్యాహ్నంలో అన్నీ వినేసి జన్మజన్మల భక్తుడైపోవచ్చు. ఆఖర్న ఎవరూ వినని బ్యాండ్ పేరు ఒకటి చేర్చాలి. ఆ బ్యాండ్ నిజంగా ఉండితీరాలన్న నియమం లేదు.

టీవీ ప్రకటనల పాటలు, అక్క గదిలోంచి వద్దన్నా వినబడిన డిస్కో లెక్కలోకి రావు. చెవిలో ముందుగా దూరిందీ, ఇప్పటికీ వదలనిదీ అవేనన్నది వేరే సంగతి.

ఇంత స్పష్టమైన పద్ధతి ఉండగా జానీ రాటెన్ చేసిన నిర్వాకం చూడండి. పంక్ అనే మొరటు రాక్ వాయించే సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ గాయకుడు. పింక్ ఫ్లాయిడ్ అంటే నాకు అసహ్యం అని టీషర్ట్ మీద రాసుకుని తిరిగినవాడు. 1977 జూలైలో లండన్ క్యాపిటల్ రేడియోవాళ్ళు పిలిచి నీకిష్టమైన రికార్డులు వెయ్యమంటే ఏం వెయ్యాలి? ఏమీ వెయ్యకుండా నాలుగు బూతులు తిట్టి రావాలి. ఈయన బుద్ధిగా కూర్చుని టిమ్ బక్లీ, నీల్ యంగ్, జర్మనీ బ్యాండ్ కాన్, రెగ్గే పాటలు వేశాడు. అది చాలదన్నట్టు పీటర్ హామిల్‌ని కూడా వినిపించాడు. ఈ హామిల్ ప్రోగ్రెసివ్ రాక్ మనిషి, అంటే పొడుగాటి, చిక్కుచిక్కు పాటల బాపతు. పంక్ పుట్టిందే ఆ సంగీతాన్ని పాతిపెట్టడానికని జనం నమ్ముతున్న రోజులవి! మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్‌కి ఒళ్ళు మండిందంటారు. మండదా మరి? పాపం ఆయన లోకానికి ఒక మొరటు కుర్రాణ్ణి అమ్ముకుంటుంటే, ఆ కుర్రాడు రేడియోలో కూర్చుని తనకి సంగీతం తెలుసని రుజువు చేసేశాడు.

ఆయన్ని అప్పుడే ఉపేక్షించడం వల్ల మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. తన బ్యాండ్‌కి పేరు తెచ్చిన పాట రాసేటప్పుడు పిక్సీస్ అనే ఇంకో బ్యాండ్‌ని కాపీ కొట్టాలని చూశానని నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ 1994లో పత్రికకే చెప్పేశాడు. అదే బ్యాండ్ డ్రమ్మర్ డేవ్ గ్రోల్ ఇంకో మెట్టు దిగి, ఆ పాట ఉన్న 1991 నాటి ఆల్బంలో డ్రమ్స్ చాలావరకు డిస్కో, ఫంక్ బ్యాండ్ల నుంచి ఎత్తేసినవేనన్నాడు. డిస్కో బ్యాండ్ షీక్ డ్రమ్మర్ టోనీ థాంప్సన్‌కి ఎదురుపడి ఇదే ఒప్పుకుంటే, ఆయన "తెలుసు" అన్నాడట. చొక్కాలు చింపుకుని గెంతిన లక్షలాది కుర్రాళ్ళ పరువు ఏమైనట్టు? డిస్కోకే కదా గెంతింది!

రాక్ గాయకుడు ఆజీ ఆస్‌బర్న్ సంగతి సరేసరి. వేదిక మీద గబ్బిలం తల కొరికిన మనిషి, పద్నాలుగేళ్ళప్పుడు రేడియోలో బీటిల్స్ ప్రేమ పాట విన్నాకే తన బతుకు మారిందని జీవితాంతం చెప్పుకు తిరిగాడు. ఇలాంటివి గబ్బిలాల మనోభావాలనీ దెబ్బతీస్తాయి.

అయితే అందరికన్నా కష్టమైన కేసు ఆయన బ్యాండ్‌లోనే ఉంది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ. పదిహేడేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో లోహపు రేకుల ఫ్యాక్టరీలో, అదీ పని మానేసే ఆఖరి రోజున, తీగలు నొక్కే చేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. ఇక గిటార్ వద్దనుకుంటుంటే ఫోర్‌మన్ ఒక జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ జాజ్ గిటారిస్ట్‌కి 1928లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనిచెయ్యకుండా పోయాయి. మిగిలిన వేళ్ళతోనే ఆ వేగం. అది విని అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వేసుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కూడా దించాడు. వేళ్ళకి శ్రమ తగ్గింది, శబ్దం బరువెక్కింది. జనం దానికి హెవీ మెటల్ అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఫేవరెట్ బ్యాండ్ల జాబితాలో ఎలా ఎక్కించాలి? యంత్రం బ్యాండ్ కాదు. ఫోర్‌మన్ ఒక్క ఆల్బం కూడా విడుదల చెయ్యలేదు. పోనీ ఆ సీసా అయినా అరుదైనదా, సేకరణకర్తలు వెతుక్కునేదా అంటే, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళది.