ట్రయల్స్‌లో టేపు పట్టుకుంటే నష్టం ఎవరికి?

2018 మార్చి 17న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ ఫైనల్, పిల్లల్ని ఎంచేటప్పుడు ఎత్తు చూడాలా వద్దా అని వాదించే రెండు పక్షాలకూ పనికొస్తుంది. తొమ్మిదో నిమిషంలో బెంగళూరు ఆటగాడు ఉదాంత సింగ్ క్రాస్ కొట్టాడు, అంటే పక్క నుంచి బంతిని గోల్ ముందుకి పంపాడు. అదే జట్టు సునీల్ ఛెత్రీ ముందుకు దూకి తలతో గోల్ చేశాడు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఛెత్రీ ఎత్తు 1.70 మీటర్లు, అంటే అయిదడుగుల ఏడంగుళాలు. ఆ సంబరం తీరకముందే చెన్నయిన్ డిఫెండర్ మైల్సన్ అల్వెస్ కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో నెట్‌లోకి పంపాడు. హాఫ్ టైమ్‌కి ముందు ఇంకో కార్నర్, మళ్లీ అతనే, మళ్లీ తలతోనే. చివరికి 3-2తో కప్పు చెన్నైకి వెళ్లిపోయింది.

కాబట్టి ఫుట్‌బాల్‌లో ఎత్తుతో పనే లేదని నేననను. గోల్ పోస్టుల అడ్డకర్ర 2.44 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని కింద నిలబడే కీపర్‌కి ఎత్తు కావాలి. 1.68 మీటర్ల ఎత్తుతో మెక్సికో గోల్ కాసిన హోర్హె కాంపోస్ లాంటివాళ్లు నూటికో కోటికో ఒక్కరు. కార్నర్లు, ఫ్రీకిక్‌ల దగ్గర పొడగరులకు మొగ్గు ఉంటుంది. సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు నడిమధ్యన కాపుకాసే డిఫెండర్‌గా, ఆడేవాళ్లకూ అంతే. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. పెద్దయ్యాక కొన్ని స్థానాల్లో మాత్రమే పనికొచ్చే ఈ కొలతని మనం పన్నెండు, పదమూడేళ్ల పిల్లల మీద, అన్ని స్థానాలకూ కలిపి వాడేస్తున్నాం.

మారతహళ్లి, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు శని, ఆదివారాలు పొద్దున్నే ఏ టర్ఫ్ దగ్గరికి వెళ్లినా తెలుగు వినపడుతుంది. అనంతపురం, నెల్లూరు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తల్లిదండ్రులు వల బయట కాఫీ కప్పులతో నిలబడి ఉంటారు. వాళ్ల మాటల్లో తరచూ వినపడేది ఒకటే: "మావాడికి బాల్ కంట్రోల్ బాగుందన్నారండీ, కానీ హైట్ లేదట." ఇంటికెళ్లాక పాలల్లో కలిపే పొడి డబ్బాలు, రాడ్డుకి వేలాడటాలు మొదలు. ఏడాది తిరిగేసరికి పిల్లాడు బ్యాడ్మింటన్‌కో ఐఐటీ ఫౌండేషన్‌కో మారిపోతాడు. విచిత్రమేమిటంటే ఇదే తల్లిదండ్రులు 1.65 మీటర్ల గవాస్కర్, టెండూల్కర్‌ల ఎత్తు గురించి ఎన్నడూ బెంగపడలేదు. బ్యాటింగ్‌కి ఎత్తు అడ్డు కాదని మనకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెల్లవాళ్ల ఆట, బలం ఆట అనే భయం పట్టుకుంటుంది.

మైదానంలో జరిగేది గమనిస్తే ఆ భయం చాలావరకు కరిగిపోతుంది. ఫుట్‌బాల్‌లో ఎక్కువ సేపు బంతి నేల మీదే ఉంటుంది. అక్కడ గెలుపోటములు తేలేది దిశ మార్చుకోవడంలో. కాళ్లు పొట్టిగా ఉన్నవాడి అడుగు చిన్నది. అదే దూరానికి అతను ఎక్కువ అడుగులు వేస్తాడు, వేసిన ప్రతి అడుగు దగ్గరా ఎటు తిరగాలో మళ్లీ నిర్ణయించుకోవచ్చు. బారెడు అడుగు వేసిన డిఫెండర్‌కి ఆ కాలు నేలకు ఆనేదాకా చేయగలిగింది ఏమీ లేదు. ఆ లోపు బంతి అటు పక్కకి వెళ్లిపోతుంది. పైగా శరీర భారం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి భుజంతో తోసినా పొట్టివాడు త్వరగా తూలడు. మారడోనా ఎత్తు 1.65 మీటర్లు. 1986 ప్రపంచ కప్పులో ఇంగ్లండ్ ఆటగాళ్లను వరసగా దాటుకుంటూ అతను కొట్టిన గోల్ మళ్లీ చూడండి. ఎదురొచ్చినవాళ్లు నిదానస్తులేం కాదు, ఒక్కో అడుగు ఆలస్యమయ్యారు, అంతే. (అదే మ్యాచ్‌లో ఎత్తు సరిపోక చెయ్యి వాడిన గోల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.)

నిబంధనలు కూడా తోడొచ్చాయి. 1983లో బిల్బావో డిఫెండర్ గోయికోయెచ్యా వెనక నుంచి వచ్చి మారడోనా చీలమండ విరగ్గొట్టాడు. ఆ కాలంలో చిన్న ఆటగాడికి అసలు ప్రమాదం అది. 1998 ప్రపంచ కప్పుకి ముందు, వెనక నుంచి ప్రమాదకరంగా టాకిల్ చేస్తే రెడ్ కార్డు ఇవ్వాలని ఫిఫా గట్టిగా చెప్పింది. ఆ తర్వాతి తరంలోనే షావి, ఇనియెస్తా, మెస్సీ వచ్చారు. ముగ్గురూ 1.70 మీటర్లకి అటూ ఇటూ. ఏటా ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు 2010 తుది జాబితాలో ఉన్నది ఈ ముగ్గురే, ముగ్గురూ బార్సిలోనా అకాడమీలో పెరిగినవాళ్లే. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను. బంతి అందుకునేముందే చుట్టూ చూస్తున్నాడా, ఇరుకు చోట పాస్ ఇవ్వగలడా అని పిల్లల్ని ఎంచిన చోట అలాంటి పిల్లలే మిగిలారు.

తలతో ఆడే ఆట కూడా పూర్తిగా పొడగరుల సొత్తు కాదు. 1994 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో స్వీడన్ మీద బ్రెజిల్ గెలిచింది రొమారియో హెడర్‌తో. అతని ఎత్తు 1.67 మీటర్లు. 2025 ఏప్రిల్‌లో గోవాతో ఐఎస్ఎల్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, నలభై దాటిన ఛెత్రీ ఇంజురీ టైమ్‌లో తలతో గోల్ కొట్టి బెంగళూరుని ఫైనల్‌కి చేర్చాడు. క్రాస్ ఎక్కడ పడుతుందో డిఫెండర్ కంటే ముందే పసిగట్టి, పరుగు తీసి ఎగిరేవాడికి నిలబడి ఎగిరేవాడి కంటే ఎత్తు కలిసొస్తుంది. డిఫెన్స్‌లోనూ అంతే. ఇటలీ కెప్టెన్ కన్నవారో 1.76 మీటర్లతో 2006 ప్రపంచ కప్పు ఎత్తి బాలన్ డోర్ కూడా అందుకున్నాడు. 1.75 మీటర్ల డిఫెండర్ లిసాండ్రో మార్టినెజ్ 2022లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరినప్పుడు ఈ ఎత్తుతో ఇంగ్లండ్‌లో నెగ్గుకురాలేడన్నారు. అదే డిసెంబర్‌కి అర్జెంటీనాతో ప్రపంచ విజేత అయ్యాడు.

మెస్సీ పేరు చెప్పి పిల్లల్ని ఊరడించడం మాత్రం నాకు నచ్చదు. అతనిది మామూలు పొట్టితనం కాదు, ఎదుగుదల హార్మోన్ లోపం. దానికి చికిత్స జరిగింది, ఆ ఖర్చు భరించడానికి బార్సిలోనా ఒప్పుకుంది. ఆ కథని పొట్టి పిల్లలందరికీ అతికిస్తే, ఇంజెక్షన్లు ఉంటాయటగా అని అడిగే తల్లిదండ్రులు తయారవుతారు. లోపం ఉందో లేదో తేల్చాల్సింది డాక్టరు, టర్ఫ్ దగ్గరి కబుర్లు కాదు. మన వాదనకి అంతకంటే పనికొచ్చేవాడు ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటే. కుర్రతనంలో ఫ్రాన్స్‌లోని అకాడమీలు చిన్నగా ఉన్నాడని వద్దన్నాయి. అతను కింది డివిజన్లలో ఆడుతూ పైకొచ్చాడు. 2016లో లెస్టర్‌తో, 2017లో చెల్సీతో ఇంగ్లిష్ లీగ్, 2018లో ఫ్రాన్స్‌తో ప్రపంచ కప్పు గెలిచాడు. అదే ఫ్రాన్స్ జట్టు ఫార్వర్డ్ గ్రీజ్‌మన్‌నీ ఫ్రెంచ్ క్లబ్బులు చిన్నవాడని కాదంటే స్పెయిన్ వెళ్లి ఎదిగాడు. ఇంగ్లండ్ స్ట్రైకర్ జేమీ వార్డీ సంగతి మరీ తమాషా. పదహారో ఏట షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్బు అతన్ని పొట్టిగా ఉన్నాడని పంపేసింది. తర్వాత అతను 1.79 మీటర్లకి ఎదిగాడు!

వార్డీ విషయంలో జరిగిన పొరపాటే మన ట్రయల్స్‌లోనూ జరుగుతోంది. మగపిల్లలు సగటున పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా ఎదుగుతారు. కొందరికి పదకొండులోనే మొదలవుతుంది, కొందరికి పదిహేను దాటాలి. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరి మధ్య శరీరం ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండటం మామూలే. దానికి తోడు వయసు కటాఫ్ జనవరి 1 కాబట్టి, జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే గ్రూపులో తలపడతారు. పన్నెండేళ్లప్పుడు పదకొండు నెలలంటే చిన్న తేడా కాదు. చాలా దేశాల యూత్ జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చూపిస్తున్నారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. వయసు తగ్గించి ఆడించడం. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే టీడబ్ల్యూ3 పరీక్షని జాతీయ సమాఖ్య పెట్టాల్సి వచ్చిందంటే ఈ రోగం ఎంత పాతదో అర్థం చేసుకోవచ్చు. కానీ ఊళ్లో జరిగే చిన్నాచితకా టోర్నీల్లో ఎక్స్‌రే ఎవరు తీస్తారు? అండర్ 13 మ్యాచ్‌లో నూనూగు మీసాల కుర్రాడు ఎదురైతే, నిజం వయసుతో ఆడుతున్న బక్క పిల్లాడి తండ్రి మాత్రం "మావాడు ఎదగలేదు" అని దిగులుపడి ఇంటికెళ్తాడు.

ఇందులో ఎదిగిన పిల్లాడికీ మేలు జరగట్లేదు. వాణ్ని డిఫెన్స్‌లో నిలబెట్టి బంతి వస్తే బలంగా కొట్టమంటారు. రెండేళ్లు ఆ బలంతోనే కప్పులు గెలుస్తారు. పదిహేడో ఏట మిగతావాళ్లు ఎత్తులో అందుకునేసరికి వాడి దగ్గర వేరే విద్య ఏదీ ఉండదు. చిన్న పిల్లాణ్ని ఆలోచించకుండా మైదానం అంచుకి, వింగ్‌లోకి తోసేస్తారు, పరిగెత్తు అంటారు. మధ్యలో ఆట నడపడం వాడికి ఎప్పటికీ రాదు. పొట్టివాణ్ని వద్దనడమనే మొదటి తప్పు గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఎత్తు చూసి స్థానం అంటగట్టే ఈ రెండో తప్పే నాకు పెద్దదనిపిస్తుంది.

మన జాతి శరీరాలే ఫుట్‌బాల్‌కి సరిపోవనే మాట అయితే తేలిగ్గా కొట్టిపారేయొచ్చు. 2011 మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో తమకంటే పొడుగైన అమెరికాని జపాన్ ఓడించింది. అదనపు సమయంలో స్కోరు సమం చేసింది 1.64 మీటర్ల హొమారే సావా, అదీ కార్నర్ నుంచి. 1.71 మీటర్ల గారీ మెడెల్‌ని సెంటర్ బ్యాక్‌గా పెట్టుకుని చిలీ 2015, 2016ల్లో వరసగా కోపా అమెరికా గెలిచింది. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన జట్టుకి కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. కుర్రాళ్ల కోసం ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నీలు పెట్టేవారు. అంటే కొలవాల్సింది ఏమిటో ఆయనకి తెలుసు.

నా వాదనకి ఎదురుగాలి కూడా ఉంది. ఈ మధ్య ఇంగ్లిష్ లీగ్‌లో కార్నర్లకి ప్రత్యేక కోచ్‌లు వచ్చారు, ఆర్సెనల్ వాటినే ఆయుధంగా మార్చుకుంది, పొడవాటి త్రోలు తిరిగొచ్చాయి. ఆ ఫ్యాషన్ ఇక్కడికీ దిగుతుంది. పెనాల్టీ బాక్సులో పొడగరుల విలువ పెరిగితే జట్టులో పొట్టివాళ్లకి మిగిలే చోటు తగ్గుతుంది, వాళ్లు ఇంకా మెరుగ్గా ఉండాల్సి వస్తుంది. అందుకే ఎంపిక ఇంకా జాగ్రత్తగా జరగాలి.

చేయాల్సింది ఖరీదైన పనేమీ కాదు. బెల్జియం సమాఖ్య ఆలస్యంగా ఎదిగే కుర్రాళ్ల కోసం వేరే జాతీయ యూత్ జట్లు నడిపింది. ఇంగ్లండ్ అకాడమీలు కొన్ని మ్యాచ్‌ల్లో పిల్లల్ని పుట్టిన ఏడాదితో కాకుండా శరీర ఎదుగుదలని బట్టి విడగొట్టి ఆడించి చూశాయి. పెద్దయ్యాక పిల్లాడు ఎంత ఎత్తు అవుతాడో అంచనా కట్టి, ఇప్పటికి అందులో ఎంత శాతం చేరాడో చూస్తారు. లెక్కకి కావాల్సింది వయసు, ఎత్తు, బరువు, అమ్మానాన్నల ఎత్తులు. మన అకాడమీల ఫారాల్లో ఆధార్ నంబరు, జెర్సీ సైజు, బ్లడ్ గ్రూపు అడుగుతారు. అమ్మానాన్నల ఎత్తుకి రెండు గళ్లు కలపడం పెద్ద పనేం కాదు. నెలలో ఒక ఆదివారం ఆ లెక్కతో జట్లు వేసి ఆడించాలి. తొందరగా ఎదిగిన పదమూడేళ్లవాణ్ని పదిహేనేళ్లవాళ్లతో కలిపితే భుజబలం పనిచేయదు, బంతి దాచుకోవడం నేర్చుకోక తప్పదు. బక్కవాడు తనంతవాళ్ల మధ్య ఆడితే వాడికి నిజంగా ఆట ఉందో లేదో బయటపడుతుంది. లేదని తేలితే అప్పుడు ఫౌండేషన్ కోచింగ్‌కి పంపండి, నాకేం అభ్యంతరం లేదు.