డిపెండ్స్ వరుస గారికి బహిరంగ లేఖ

డెబియన్ లినక్స్ ప్యాకేజీకి జాతకంలాంటి కంట్రోల్ ఫైలులో, ‘ఈ ప్రోగ్రాము నడవాలంటే ఏయే ప్యాకేజీలు ఉండాలి’ అని చెబుతూ కాపురముంటున్న మహారాజశ్రీ డిపెండ్స్ వరుస గారికి,

విజయనగరం నుంచి ప్యాకేజీలు కట్టేవాళ్లం రాసుకుంటున్నది. తమరిది మరీ మెతక మనసు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ వచ్చినా పీట వేసి కూర్చోబెడతారు. ప్రోగ్రాము కట్టేటప్పుడే తప్ప నడిచేటప్పుడు అక్కర్లేని ఆయన ఉండాల్సింది, కట్టడానికి కావాల్సినవి రాసే బిల్డ్-డిపెండ్స్ వారింట్లో కదా! సిరిమాను చెక్కడానికి వడ్రంగులు కావాలి, కాదనం. ఉత్సవం నాడు ఉలీ రంపం పట్టుకుని వాళ్లూ మానెక్కేస్తామంటే పూజారి ఎక్కడ కూర్చుంటాడండీ?

ఆ డెవ్ మూటలో ఉండేవి హెడర్ ఫైళ్లు, కంపైలరుకి దారి చెప్పే పీసీ ఫైళ్లు, నంబరు లేని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ అనే లింకు, ఇలాంటివే. ప్రోగ్రాముని లైబ్రరీతో జతచేసే లింకర్ ఆ లింకు పట్టుకుని అసలు లైబ్రరీ దగ్గరికెళ్లి, దానిలో ఉన్న ఎస్ఓనేమ్ అనే నంబరున్న పేరు చదివి ప్రోగ్రాములో ‘నీడెడ్’ కింద రాసుకుంటుంది. నడిచేటప్పుడు లైబ్రరీలను తెచ్చిపెట్టే లోడరు వెతికేది ఆ నంబరున్న పేరునే.

ఇప్పుడు తమరి ఘనకార్యం చూడండి. ఉబుంటు 20.04లో కట్టిన ప్రోగ్రాముకి కావాల్సింది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ.1.1. దాన్ని 22.04లో వేస్తే డెవ్ ప్యాకేజీ దొరుకుతుంది, దానివెంట వచ్చే లైబ్రరీ మాత్రం 3. ప్యాకేజీలు వేసే ఆప్ట్ ‘అంతా బాగుంది’ అంటుంది, ప్రోగ్రాము మొదటి అడుగులోనే బోర్లా పడుతుంది. అప్పుడొక మహానుభావుడు 3కి 1.1 అని పేరుపెట్టి లింకు వేస్తాడు. ఫైలు దొరికింది గానీ లోపలి ఫంక్షన్లకి కట్టిన సింబల్ వెర్షన్లు కలవవు, లోడరు మళ్లీ గెంటేస్తుంది. 22.04 మీద మళ్లీ కంపైల్ చేసుకోవడం ఒక్కటే మర్యాదైన దారి.

తమరిని చేత్తో నింపకుండా ‘షలిబ్స్:డిపెండ్స్’ అనే గుర్తు పెట్టి వదిలేస్తే, ప్యాకేజీ కట్టేటప్పుడు నడిచే డీపీకేజీ-షలిబ్‌డెప్స్ నీడెడ్ పేర్లు చదివి, ఏ ప్యాకేజీ, కనీసం ఏ వెర్షన్ అన్నది తనే రాస్తుంది. డీఎల్ఓపెన్‌తో ప్రోగ్రాము నడుస్తుండగా మధ్యలో పిలిచే లైబ్రరీలు మాత్రం దాని కంటికి ఆనవు. వాటిని చేత్తోనే రాయాలి. మరచిపోతే ప్రోగ్రాము శుభ్రంగా తెరుచుకుంటుంది, వాడేవాడు ఆ ఒక్క మెనూ నొక్కినప్పుడే చచ్చిపోతుంది. రాసినవాడి యంత్రంలో అన్నీ ఉంటాయి కనుక ‘నా దగ్గర బాగానే ఉందే’ అంటాడు. అతగాడి లాప్‌టాప్ సాక్ష్యం చెల్లదు. ఖాళీ కంటైనర్‌లో డెబ్ (కట్టిన ప్యాకేజీ ఫైలు) ఒక్కటీ వేసి, ప్రతి ప్లగిన్‌నీ ఒకసారి కదిపి చూడమనండి.

అన్నట్టు, హెడర్లే తప్ప ఎస్ఓ లేని లైబ్రరీలు కొన్ని ఉంటాయి. అవి బిల్డ్-డిపెండ్స్ వారింట్లోనే భోంచేసి వెళ్లిపోతాయి. వాటికి ఆకు వేయకండి.

ఇట్లు,
మూడు లాంతర్ల దగ్గరి ప్యాకేజీవాళ్లు