చిన్నపేగును రద్దు చేయాలి

నల్లగొండ, పాలమూరు ప్రజల మనోభావాలను గౌరవించి ప్రభుత్వం చిన్నపేగును తక్షణమే రద్దు చేయాలి. సుమారు ఆరు మీటర్ల పొడవున్న ఈ శాఖ వల్ల పైసా పని జరగదన్న అభిప్రాయం దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఏకగ్రీవంగా ఉంది. మింగిన గోలీ కడుపులో విచ్చుకుని, కరిగి, చాలావరకు చిన్నపేగు గోడల గుండానే నెత్తురులో కలుస్తుందని ఫార్మకాలజీ పుస్తకాలు రాస్తాయి. రాసుకోనీయండి. జ్వరమొస్తే మనకు కావాల్సింది సూది.

ఖాళీ కడుపున వేసుకున్న పారాసిటమాల్ అరగంట, గంటలోపే నెత్తురులో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. మింగినదాంట్లో 70 నుంచి 90 శాతం దాకా ఒంటికి అందుతుంది. ఇంత సప్పుడు లేకుండా జరిగే పనికి మర్యాద ఎట్లా దక్కుతుంది? సూది అట్లా కాదు. ఆర్‌ఎంపీ ఇంటిదాకా వస్తాడు, నొప్పి పుడుతుంది, నొప్పి పుట్టిందంటే మందు పట్టినట్టే లెక్క. పిరుదు పైభాగాన, బయటివైపు పావుభాగంలో వేయాల్సిన డైక్లోఫినాక్ అనే నొప్పుల సూదిని కాస్త లోపలికి జరిపి వేస్తే సయాటిక్ నరం దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. శుభ్రత తప్పితే చీముగడ్డ లేస్తుంది. ఇలాంటి ఘనకార్యం ఒక్కటీ చేయలేదు కనుకే చిన్నపేగుకు పేరు రాలేదు.

నీరసానికి గ్లూకోజు సీసా సంగతి చెప్పనక్కర్లేదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరు సీసాలో ఉండే చక్కెర 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. దాన్ని తలుపు మేకుకు వేలాడదీసి బొట్టుబొట్టుగా ఎక్కించుకుంటే బలం. అదే చక్కెర నిమ్మనీళ్లలో కలుపుకుని తాగితే దండగ. (వాంతులు ఆగనివారికి, స్పృహ లేనివారికి సెలైన్ తప్పదు. కానీ సీసా కోసం పట్టుబట్టేవాళ్లు సాధారణంగా స్పృహలోనే ఉంటారు.) విరేచనాలప్పుడు కూడా పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోయే దారి తెరిచే ఉంటుంది, వాటి వెంటే నీళ్లూ పోతాయి. ఓఆర్‌ఎస్ కిటుకంతా అదే. అయితే పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలపాలి. ఒక్క గ్లాసులో కలిపితే ఆ చిక్కదనానికి పేగులోకి నీళ్లు ఎదురు వచ్చి విరేచనాలు పెరుగుతాయి. అప్పుడు సీసా పెట్టించుకోవడానికి వీలు చిక్కుతుంది.

గోలీలు మింగే వర్గం ఒకటుంది గానీ, పేగును ఓడించడంలో వాళ్లూ తక్కువేం కాదు. గర్భిణులకిచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని చాయ్‌తో మింగితే అందులోని టానిన్లనే వగరు పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి, నెత్తురుకు దక్కాల్సింది మలంలో పోతుంది. చాయ్‌కి గంట ముందో, రెండు గంటల తర్వాతో నిమ్మనీళ్లతో వేసుకుంటే ఎక్కువ ఒంటబడుతుంది. కాల్షియం గోలీని వేరే పూట వేసుకోవాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ గోలీలు వేడి చేస్తాయని పాలతో వేసుకుంటే పాలలోని కాల్షియం వాటినీ పట్టేస్తుంది. న్యాయంగా చెప్పాలంటే, మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడును కూడా కాల్షియం ఇలాగే పేగులో కొంత ఆపుతుంది. దానికి మంచీ చెడూ తెలియదు.

మన బత్తాయికీ ఇందులో వాటా ఉంది. అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్‌ను పండ్ల రసంతో మింగితే, ఆ మందును పేగు గోడ దాటించే ప్రొటీన్లకు రసం అడ్డుపడుతుంది. మంచినీళ్లు చాలు. ఇక ముసలివాళ్లు మింగలేరని గ్యాస్‌కు వాడే పాంటాప్రజోల్‌ను దంచి పొడి చేసే ఇళ్లున్నాయి. ఆ గోలీ మీది పొర కడుపులోని ఆమ్లానికి కరగకుండా మందును పేగు దాకా కాపాడేందుకే ఉన్నది. పొడి చేశాక మిగిలేది మందు బిల్లు.

పేగును తప్పించడమే ధ్యేయమైతే, అందుకే పుట్టిన గోలీ ఒకటుంది. గుండెనొప్పి ఉన్నవాళ్లకు డాక్టరు రాసే సార్బిట్రేట్. నాలుక కింద పెడితే అక్కడి రక్తనాళాల్లోంచి, పేగునూ కాలేయాన్నీ దాటవేసి, కొద్ది నిమిషాల్లోనే పనిలోకి దిగుతుంది. మింగితే పేగు నుంచి నేరుగా కాలేయానికి పోయి అక్కడే చాలాభాగం విరిగిపోతుంది, మిగిలిందీ ఆలస్యంగా చేరుతుంది. ఆ ఒక్క గోలీని మాత్రం మనవాళ్లు నిష్ఠగా, గ్లాసెడు నీళ్లు పోసి మరీ చిన్నపేగుకు సాగనంపుతారు.