గెలిస్తే తెగువ, ఓడితే తెంపరితనం

2024 జనవరి 28, ఆదివారం ఉప్పల్‌ టెస్టులో భారత్ ఇంగ్లండ్ చేతిలో 28 పరుగుల తేడాతో ఓడింది. టెస్టుల్లో తాను వేసిన మొట్టమొదటి బంతికే సిక్సర్ ఇచ్చుకున్న టామ్ హార్ట్‌లీని ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ పక్కన పెట్టలేదు, మళ్లీ మళ్లీ అతని చేతికే బంతి ఇచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఆ కుర్రాడు 62 పరుగులకు 7 వికెట్లు తీశాడు. స్టోక్స్ గుండెధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు, మేమూ మెచ్చుకున్నాం. కొన్ని గంటలు తిరిగేసరికి, మనకు సోమవారం ఉదయం, కాలిఫోర్నియాలోని శాంటాక్లారాలో డెట్రాయిట్ లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ కూడా అలాంటి ధైర్యమే చేశాడు. ఓడాడు. అప్పటి నుంచి టీవీ నిపుణుల తిట్లు ఆగడం లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలు, ఒక్కోదాన్నీ డౌన్ అంటారు. మూడింటిలో పని కాకపోతే నాలుగోసారి బంతిని తన్నేసి చేతులు దులుపుకోవడం కోచ్‌ల ఆనవాయితీ. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు మీద సగం ఆటకు 24-7తో ముందున్న క్యాంప్‌బెల్, రెండో సగంలో రెండుసార్లు ఫీల్డ్ గోల్, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం, వద్దనుకున్నాడు. ఒకసారి రెండు గజాలు కావాలి, ఇంకోసారి మూడు. మొదటి పాస్ అందుకోవాల్సిన ఆటగాడి చేతుల్లోంచి జారిపోయింది, రెండోది అందలేదు. చివరికి స్కోరు 34-31. ఫీల్డ్ గోల్‌కు వచ్చేది మూడు పాయింట్లు, ఓడిందీ మూడు పాయింట్లతోనే. ఇంత తేలిక లెక్క దొరికాక ఇక ఎవరూ బుర్రకు పని పెట్టలేదు. ప్రత్యర్థి విసిరిన పాస్ లయన్స్ ఆటగాడి హెల్మెట్‌కు తగిలి ఎగిరి, తిరిగి ప్రత్యర్థి చేతుల్లోనే పడిన సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

ఆధిక్యంలో ఉన్నప్పుడు వచ్చిన పాయింట్లు తీసుకోవాలనే వాదనను కొట్టిపారేయలేం. కానీ 46 గజాలు, 48 గజాల దూరం నుంచి తన్నాల్సిన ఆ కిక్కులు జేబులో పడ్డ డబ్బులేమీ కావు.

మా అభ్యంతరం ఆ రెండు నిర్ణయాల గురించి కాదు, తీర్పు చెప్పేవాళ్ల తూకం గురించి. అదే స్టోక్స్ 2023 జూన్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో ఆస్ట్రేలియా మీద, రూట్ 118 పరుగులతో ఆడుతుండగానే, మొదటి రోజే 393/8 దగ్గర డిక్లేర్ చేశాడు. రెండు వికెట్ల తేడాతో ఓడాడు. అప్పుడది తెంపరితనం. మొన్న ఉప్పల్‌లో అదే మనిషి, అదే బుర్ర, పేరు మాత్రం తెగువ అయింది.

ఈ తూకమే కోచ్‌లను పిరికివాళ్లను చేస్తోంది. బర్కిలీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 1998 నుంచి మూడు సీజన్ల మ్యాచ్‌ల తొలి క్వార్టర్లను పరిశీలించి, 2006లో ప్రచురించిన పరిశోధనలో ఈ పిరికితనాన్ని లెక్కగట్టి చూపాడు. నాలుగో డౌన్‌లో ముందుకెళ్లడమే లాభమైన సందర్భాల్లో కూడా దాదాపు పదింట తొమ్మిదిసార్లు కోచ్‌లు బంతిని తన్నేశారు. వాళ్లకు లెక్కలు రాక కాదు. అందరిలాగే చేసి ఓడితే ఉద్యోగం ఉంటుంది. తనకు తోచినట్టు చేసి ఓడితే ఉండకపోవచ్చు.

2015 జనవరి సియాటెల్ మ్యాచ్ గుర్తుందా? గ్రీన్‌బే కోచ్ మైక్ మెకార్థీ గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో రెండుసార్లు కిక్కుతో సరిపెట్టుకున్నాడు. సగం ఆటకు 16-0తో ముందున్న జట్టు ఓవర్‌టైమ్‌లో 28-22తో ఓడింది. ఆ కిక్కుల గురించి కొందరు సణిగారు, అంతే. తిట్లన్నీ చివర్లో బంతి పట్టలేకపోయిన ఒక ఆటగాడి నెత్తిన పడ్డాయి. మరుసటి నెలలోనే జట్టు అతన్ని వదిలించుకుంది. కోచ్ ఉద్యోగం మాత్రం పదిలం.

అదే 2009లో న్యూఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్, తన గోల్ లైన్‌కు 28 గజాల దూరంలోనే, రెండు గజాల కోసం సాహసించి 35-34తో ఓడినప్పుడు, అప్పటికే మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచిన కోచ్‌కు కూడా బుర్ర చెడిందన్నారు. 2018 సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా కోచ్ డగ్ పెడర్సన్ నాలుగో డౌన్‌లో మామూలుగా పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌కే ఏకంగా పాస్ వేయించాడు. ఫోల్స్ బంతి పట్టాడు, కాబట్టి స్టేడియం బయట ఇద్దరికీ కంచు విగ్రహం లేచింది. పట్టకపోయి ఉంటే?

ముప్పై ఏళ్లకు పైగా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ గెలవని జట్టు లయన్స్. ఈ నెలలో రెండు గెలిచి సూపర్ బౌల్ ముంగిటిదాకా వచ్చింది ఈ కోచ్ చేతిలోనే, ఏడాది పొడవునా ఈ పద్ధతిలోనే ఆడి. అన్నాళ్లూ ముచ్చటపడినవాళ్లే ఇప్పుడు ముక్కున వేలేసుకుంటున్నారు. ఆ నిర్ణయాల గురించి చింత లేదని క్యాంప్‌బెల్ మ్యాచ్ తర్వాత చెప్పాడు. అతనికి లేకపోవచ్చు. ఈ రెండు రోజుల తిట్లు చూసిన మిగతా జట్ల కోచ్‌ల సంగతేమిటి? వచ్చే సీజన్‌లో నాలుగో డౌన్, రెండు గజాలు అనగానే వాళ్ల కళ్ల ముందు మెదిలేది గణాంకాల పట్టిక కాదు, క్యాంప్‌బెల్ పడ్డ తిట్లే. తన్నేయడమే నయమనుకుంటారు. అప్పుడు ఇదే స్టూడియోల్లో, ఇవే కుర్చీల్లో కూర్చుని ‘ఈ కోచ్‌లకు దమ్ము లేదు’ అని వాపోయేదీ ఈ పెద్దలే.

పోస్టుమార్టం చేస్తున్న నిపుణులు ముందు ఒక పని చేయాలి. ఆ రెండు పాసులు పడకముందు తాము ఏమన్నారో రికార్డింగు వెనక్కి తిప్పి చూసుకోవాలి. అప్పుడు నోరు మెదపనివాళ్లు ఇప్పుడూ మెదపకుండా ఉంటే మర్యాదగా ఉంటుంది.